వీడియోను డిస్కులో చేర్చుటకు ముందు లెక్క చూచుట

వ్యయమెంత యగునో యెఱుగక కట్టడమునకు పూనుకొని, సగములో విడిచి, నవ్వులపాలైన మనుష్యుని గూర్చి ప్రభువు చెప్పిన యుపమానమును విద్యార్థులందఱును ఆదివారపు బడిలో వినియేయుందురు. ఇంటిలోను బడిలోను తీసిన వీడియోలను డీవీడీలో భద్రపఱచువారికి అది చక్కగా వర్తించును. మేమును ఒకప్పుడు ఆ మనుష్యునివలెనే ప్రవర్తించితిమి గనుక, ముందు ఆ సంగతి చెప్పి, పిమ్మట లెక్క నేర్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పాఠశాలా వార్షికోత్సవమును రెండు గంటలసేపు వీడియో తీసితిమి. చిత్రము మిక్కిలి స్పష్టముగా నుండవలెనని, సెకనుకు 8,000 కిలోబిట్ల చొప్పున ఎన్‌కోడింగు చేయుటకు కంప్యూటరును నియమించి నిద్రపోతిమి. తెల్లవాఱి చూడగా ఫైలు 737 కోట్ల బైట్లయి యుండెను. డిస్కులో పట్టునది 470 కోట్లే. ఆ సాయంకాలమే తల్లిదండ్రులకు డిస్కుల నియ్యవలసియుండెను. వేఱు దారి తోచక మొదటి 73 నిమిషముల భాగమును మాత్రముంచి, తక్కినదానిని కోసివేసితిమి. కంప్యూటరులో చోటు చాలదని పెద్ద ఫైలును తుడిచివేసితిమి. టేపుమీద మఱియొక ఉత్సవమును తీసితిమి. కోసివేసిన భాగములోనే, పదవి విరమించుచున్న యొక వృద్ధోపాధ్యాయుని కడపటి హితవచనములుండెను. మఱుసటి యేడు ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆయన భార్య ఆ మాటలు మఱల వినగోరి వచ్చినప్పుడు చూపుటకు మాయొద్ద ఏమియు లేకపోయెను. ఐదు నిమిషములు కూర్చుండి లెక్క చూచియుండినచో, ఆమె వట్టి చేతులతో మరలియుండదు.

ఇక విషయమునకు వత్తము. డీవీడీ చిత్రమొక్కటి మన దేశపు పద్ధతిలో అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలు గలది. చుక్కకు 3 బైట్ల చొప్పున, సెకనుకు 25 చిత్రములను ఉన్నవి ఉన్నట్లు వ్రాసినచో, రెండున్నర నిమిషములకే డిస్కు నిండిపోవును. కావున ఒక చిత్రమునకును దాని తరువాతి చిత్రమునకును గల భేదమును మాత్రము వ్రాసి, కంటికి తెలియని సూక్ష్మములను విడిచి, ఫైలును కుదించెదరు. దీనినే ఎన్‌కోడింగందురు. సెకనుకు ఎన్ని బిట్లు వాడవలెనో నిర్ణయించువారము మనమే. ఆ సంఖ్యకు బిట్‌రేటని పేరు. 8 బిట్లు ఒక బైటు.

కుళాయినుండి నిమిషమునకు ఎన్ని చెంబుల నీరు పడునో, ఎన్ని నిమిషములు తెఱచియుంచితిమో తెలిసినచో, తొట్టిలోని నీరెంతో తెలియును గదా! ఇదియు నట్టిదే. బిట్‌రేటును సెకనులచే గుణించి 8చే భాగించినచో ఫైలు పరిమాణము వచ్చును. తొట్టి కొలత ముందే తెలిసినప్పుడు లెక్కను తిరుగవేయవలెను. డిస్కు 470 కోట్ల బైట్లు. సూచికకును ఇతరములకును 20 కోట్లు విడువగా 450 కోట్లు. దానిని 8చే గుణింపగా 3,600 కోట్ల బిట్లు. రెండు గంటలనగా 7,200 సెకనులు. భాగింపగా సెకనుకు 5,000 కిలోబిట్లు. ఇందులో ధ్వనికి 192 పోగా చిత్రమునకు 4,808 మిగులును; 4,800 అని పెట్టుకొనుట క్షేమము.

ఇచ్చట నొక చిక్కు గలదు. డిస్కు పెట్టెమీద 4.7 జీబీ యని యుండగా, కంప్యూటరు తఱచుగా 4.38 అని చూపును. తయారుచేయువారు నూఱు కోట్ల బైట్లను ఒక జీబీగా నెంచుదురు. అట్టి కంప్యూటరు 107 కోట్ల 37 లక్షల పైచిలుకును ఒకటిగా నెంచును. డిస్కు తఱుగలేదు, కొలపాత్ర మాఱినది.

అయితే లెక్క వచ్చినంత మాత్రమున చాలదు. నాలుగు గంటల వీడియోకు ఇదే లెక్క వేయగా చిత్రమునకు 2,308 మాత్రమే వచ్చును. అప్పుడు ముఖములు గళ్లుగళ్లుగా కనబడును. అట్టి యెడల రెండు డిస్కులు గాని, 850 కోట్ల బైట్లు పట్టు రెండు పొరల డిస్కు గాని వాడవలెను. ఒక గంటదైనచో లెక్క 9,808 అని చూపును గాని, డీవీడీ చిత్రమునకు 9,800ను మించరాదు.

బిట్‌రేటు ప్రతి సెకనును ఒకే తీరుగ నుండనక్కఱలేదు. నేర్పుగల గృహిణి పండుగనాడు ఎక్కువయు, తక్కిన దినములలో తక్కువయు వ్యయపఱచి, నెల మొత్తము మాత్రము మించనీయదు. రెండు దఫాల ఎన్‌కోడింగు అట్టిది. మొదటి దఫాలో కంప్యూటరు వీడియోనంతయు పరిశీలించును. రెండవ దఫాలో కోలాటమునకు ఎక్కువయు, నిలిచి చేయు ఉపన్యాసమునకు తక్కువయు పంచును. సరాసరి మనము చెప్పినదే.

చిత్రపు నాణ్యతను స్థిరముగా నుంచుమని కోరినచో పరిమాణము ముందుగా తెలియదు. అప్పుడు ప్రతి పది నిమిషములలో నొక నిమిషము చొప్పున పండ్రెండు ముక్కలను ఎన్‌కోడింగు చేసి చూడవలెను. అవి మొత్తము 42 కోట్ల బైట్లయినచో రెండు గంటల వీడియో రమారమి 420 కోట్లగును. ఉపన్యాసమునుండియే ముక్కలన్నియు తీయువారు మోసపోవుదురు.

కడపట నొక్క మాట. డిస్కు తయారైన పిమ్మట దానిని తుదివఱకు చూడుడు. అంతవఱకు మూలమైన టేపును గాని ఫైలును గాని తుడిచివేయకుడు. లెక్క తప్పినచో మఱల వేయవచ్చును. కనుమూసినవారి స్వరమును మఱల తీయజాలము.