రొమ్ము క్యాన్సర్: జన్యు లోపం తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు

"ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా?" రొమ్ము క్యాన్సర్ అనగానే డాక్టర్ తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. చాలామంది అమ్మ, నానీ, ఖాలాల గురించి చెప్పి ఊరుకుంటారు. దాదీ, ఫుప్పూల సంగతి ఎత్తరు. కానీ ఈ జబ్బు ముప్పును పెంచే జన్యు లోపం తల్లి నుంచి ఎంతగా వస్తుందో, తండ్రి నుంచి కూడా అంతే వస్తుంది.

అసలు ఏం జరుగుతుంది?

శరీరంలో కణాలు విభజన చెందిన ప్రతిసారీ డీఎన్‌ఏకు నకలు తయారవుతుంది. అందులో తప్పులు పడుతుంటాయి. వీటినే మ్యుటేషన్లు అంటారు. ఖాతా పుస్తకంలో పొరపాట్లు పట్టుకునే ఆడిటర్‌లా, డీఎన్‌ఏను సరిచేసే జన్యువులూ మనలో ఉన్నాయి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అలాంటివే. అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ 1990లో మొదటిదాని జాడ 17వ క్రోమోజోమ్‌పై ఉందని చూపించారు. 1994లో ఆ జన్యువును గుర్తించారు. 13వ క్రోమోజోమ్‌పై ఉన్న రెండోది 1995లో దొరికింది.

ఈ జన్యువులు ప్రతి ఒక్కరిలో రెండేసి ప్రతులుంటాయి. పుట్టుకతోనే ఒకటి చెడిపోయి ఉన్నా రెండోది పని నడిపిస్తుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా దెబ్బతింటే సరిచేసే దిక్కుండదు. తప్పులు పేరుకుపోయి, కణం అదుపు లేకుండా పెరిగి గడ్డగా మారుతుంది.

అందరికీ వంశపారంపర్యమేనా?

కాదు. రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం మాత్రమే వారసత్వంగా వచ్చేవి. మిగతావాటిలో మ్యుటేషన్లు వయసుతో పాటు ఏర్పడేవే. కాబట్టి 'మా ఖాన్‌దాన్‌లో ఎవరికీ లేదు' అని ధీమాగా ఉండకూడదు. అయితే బీఆర్‌సీఏ లోపమున్న మహిళల్లో 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతం. అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువే. ఆ లోపం పిల్లల్లో ఒక్కొక్కరికి వచ్చే అవకాశం 50 శాతం, కొడుకైనా కూతురైనా. మగవారికీ రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

దాచిపెడితే నష్టం ఎవరికి?

కూతురి రిష్తా చెడిపోతుందని తల్లి జబ్బును దాచే కుటుంబాలున్నాయి. దాంతో ముందుజాగ్రత్త పడాల్సిన ఆ కూతురికే విషయం తెలియకుండా పోతుంది.

కుటుంబంలో ఎవరికైనా 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్, లేదా మగవారికి రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలి. రక్తం లేదా లాలాజలంతో ఈ పరీక్ష చేస్తారు. వీలైతే ముందుగా జబ్బు వచ్చినవారికే చేయడం మంచిది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

లోపం ఉందని తేలితే క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు. చిన్న వయసు నుంచే ఎంఆర్‌ఐ, మామోగ్రామ్‌లతో కనిపెట్టుకుని ఉండొచ్చు. కొందరు ముందే ఆపరేషన్ చేయించుకుంటారు. హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ 2013లో అలాగే చేయించుకున్నారు. క్యాన్సర్ వచ్చినవారిలో కొందరికి ఒలాపరిబ్ లాంటి మందులు కూడా ఉన్నాయి.

పరీక్ష సంగతి ఎలా ఉన్నా, రొమ్ములో గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని ఆగొద్దు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి.