సెక్యులరిజాన్ని ‘లాదీనియత్’ అనవచ్చునా?

పాశ్చాత్య దేశాలలో రాజ్యానికీ మతానికీ మధ్యగల సంబంధాన్ని గురించి మన పాఠకులు రెండు భాషలలో చదువుతూ వుంటారు. తెలుగు దినపత్రికలలో దాని పేరు ‘లౌకికవాదం’. ఉర్దూ గ్రంథాలలోనూ, మదర్సా విద్యార్థుల చేతుల్లో తిరిగే చిన్న పుస్తకాలలోనూ దాని పేరు తరచుగా ‘లాదీనియత్’. ‘లా’ అనగా లేదు. ‘దీన్’ అనగా ధర్మం. మొదటి మాట చదివినవారికి అది ఈ లోక వ్యవహారానికి సంబంధించిన ఏర్పాటుగా తోస్తుంది. (పల్లెల్లో లౌక్యమంటే గడుసుదనం కూడా, ఆ ఛాయ కొంత తగలక మానదు.) రెండవ మాట చదివినవారికి దైవాన్నే నిరాకరించే సిద్ధాంతం ఎదుట నిలిచినట్లు తోస్తుంది. మన రాజ్యాంగపు హిందీ ప్రతిలో మరొక మాట, ‘పంథ్‌నిరపేక్ష్’, వున్నది. ఈ పేర్లన్నీ ఒకే వస్తువుకు చెందినవనుకుంటే, ఐరోపాలో ముప్పై నలభై ఏళ్లుగా వచ్చిన రాజకీయ మార్పులు గాని, అక్కడి మత తీవ్రవాదం గాని సరిగా అర్థం కావు.

ఆంగ్లంలో ‘సెక్యులరిజం’ అనే మాటను 1851లో జార్జి జాకబ్ హోలియోక్ వాడుకలోకి తెచ్చాడు. 1842లో దైవదూషణ నేరం మీద ఆరు నెలలు జైలు అనుభవించిన మనిషి. ఐనా తాను చెప్పేది నాస్తికత్వం కాదనీ, మానవుల మేలుకు ఈ లోకపు అనుభవాన్ని ఆధారం చేసుకునే పద్ధతి మాత్రమేననీ వాదించాడు. అతని తరువాత ఉద్యమాన్ని నడిపిన చార్లెస్ బ్రాడ్లా దీనికి సమ్మతించలేదు. సెక్యులరిజం నాస్తికత్వానికే చేరాలని అతని వాదం. 1880లో పార్లమెంటుకు ఎన్నికైనా, ప్రమాణ స్వీకారం వివాదం వల్ల 1886 దాకా అతనికి సభలో స్థానం దక్కలేదు. 1888లో వచ్చిన చట్టం దైవసాక్షిగా ప్రమాణం చేయలేనివారికి ప్రత్యామ్నాయం చూపింది. దైవసాక్షిగా చేసేవారి ప్రమాణాన్ని అది తొలగించలేదు. అంటే మాట పుట్టినచోటే దానికి రెండు అర్థాలు వున్నవన్నమాట. ఒకటి జీవిత సిద్ధాంతం. రెండవది భిన్న విశ్వాసాలవారు ఒకే సభలో కూర్చోవడానికి చేసుకున్న ఏర్పాటు.

ఈ భేదాన్ని చూడడానికి మనం ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. ఏలూరుకు సమీపంలోని విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం వుంది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలై 1947లో విజయవాడకు మారింది. గోపరాజు రామచంద్రరావు గారు వృక్షశాస్త్ర అధ్యాపకులు. తమ భావాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవారు. గాంధీజీతో సేవాగ్రాంలో దేవుని విషయమై చర్చలు చేశారు. తమ మార్గానికి ఆయన నాస్తికత్వమనే పేరు పెట్టుకున్నారు గాని సెక్యులరిజమనే ముసుగు కోసం వెతకలేదు. ఆ నిజాయితీ మెచ్చదగినది. ఆయన సిద్ధాంతాన్ని మనం అంగీకరించలేము, అది వేరే సంగతి. కాగా ఆయన కేంద్రానికీ మన మదర్సాలకూ రక్షణగా వున్నది ఒకే రాజ్యాంగం, అందులో అంతరాత్మ స్వేచ్ఛను చెప్పే ఒకే 25వ అధికరణం. పీఠికలో ‘సెక్యులర్’ అనే మాట 1976లో 42వ సవరణ ద్వారా చేరింది. 25 నుంచి 28 వరకు గల అధికరణాలు మాత్రం 1950 నుంచీ వున్నవే. గోరా గారిది లాదీనియత్ అంటే ఎవరికీ ఆక్షేపణ వుండదు. 25వ అధికరణాన్ని ఆ మాటతో పిలవడం ఎలా కుదురుతుంది?

మరి ఉర్దూలో ఆ మాట ఇంతగా ఎందుకు పాతుకున్నది? భారత ముస్లింలలో అత్యధికులు సెక్యులరిజాన్ని మొదట ఎరిగినది ఫ్రాన్సు నుంచో అమెరికా నుంచో కాదు, తుర్కీ నుంచి అని నా అభిప్రాయం. 1924 మార్చి 3న ఖిలాఫత్ రద్దయింది. ఖిలాఫత్ కోసం మన దేశంలో ఐదేళ్లు ఉద్యమించినవారికి ఆ వార్త ఇంట్లో మరణం వంటిది. దేశం విడిచి ఐరోపాలో తలదాచుకున్న చివరి ఖలీఫాకు హైదరాబాదు నిజాం నెలనెలా భరణం పంపాడు. 1931లో నీస్ నగరంలో ఆ ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్ నిజాం పెద్ద కుమారుని పెండ్లాడి హైదరాబాదు కోడలైంది. 1928లో తుర్కీ రాజ్యాంగం నుంచి ఇస్లాం ప్రస్తావన తొలగింది. 1932 మొదలు 1950 వరకు అక్కడ అజాన్‌ను అరబీలో కాక తుర్కీ భాషలో ఇప్పించారు. ఇంత చూసినవారు దానిని లాదీనియత్ అన్నారంటే తప్పు పట్టలేము. ఐతే తుర్కీ ప్రభుత్వం మతాన్ని విడిచిపెట్టిందా? లేదు. 1924లోనే మత వ్యవహారాల శాఖను స్థాపించి మసీదులను, ఇమాములను తన అదుపులో వుంచుకున్నది. దానిని వేర్పాటు అనేకంటే పెత్తనం అనడమే సబబు.

ఇక ఫ్రాన్సు. అక్కడ పోరు ఇస్లాంతో మొదలు కాలేదు. కాథలిక్ చర్చితో మొదలైంది. విప్లవం తరువాత ఒక శతాబ్దం పైగా రాజరికం కావాలన్నవారి వైపు చర్చి, రిపబ్లిక్ కావాలన్నవారి వైపు ఉపాధ్యాయుడు నిలిచారు. 1905 డిసెంబరు 9 చట్టం ఆ తగవును తీర్చింది. దాని మొదటి అధికరణం అంతరాత్మ స్వేచ్ఛకు హామీ; రెండవది ఏ మతాన్నీ రాజ్యం గుర్తించదు, జీతమివ్వదు అని. ఆ దేశం తన చట్టాన్ని అంతటా అమలు చేయలేదన్నది మన పుస్తకాలలో కనిపించని విషయం. 1905లో అల్సేస్, మొసెల్ ప్రాంతాలు జర్మనీ చేతిలో వున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత తిరిగి వచ్చినా అక్కడ 1801 నాటి పాత ఒప్పందమే నేటికీ చెల్లుతున్నది. కాథలిక్ ఫాదరీకి, ప్రొటెస్టెంటు పాస్టరుకు, యూదు రబ్బీకి ప్రభుత్వం జీతమిస్తుంది. ఇమాముకు ఇవ్వదు. మరొక వైపు, యుద్ధంలో ఫ్రాన్సు పక్షాన చనిపోయిన ముస్లిం సైనికుల స్మృత్యర్థం కట్టిన పారిస్ పెద్ద మసీదుకు ప్రభుత్వమే సాయం చేసింది. 1926లో ఆ మసీదు ప్రారంభమైంది.

1989లో క్రెయ్ అనే ఊరి బడిలో ముగ్గురు బాలికలు తలగుడ్డ తీయలేదని వారిని తరగతికి రానివ్వకపోవడంతో కొత్త ఘట్టం ఆరంభమైంది. మత చిహ్నం ధరించడం దానంతటదే రాజ్య తటస్థతకు విరుద్ధం కాదని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆనాడు అభిప్రాయపడింది. పదిహేనేళ్లకు, 2004లో, ప్రభుత్వ పాఠశాలల్లో కొట్టవచ్చినట్లు కనిపించే మత చిహ్నాలను పార్లమెంటు నిషేధించింది. 2010లో బహిరంగ స్థలాలలో ముఖం కప్పుకోవడం నిషేధమైంది. మార్పు ఎక్కడ వచ్చిందో చూడండి. 1905లో తటస్థంగా వుండవలసినది రాజ్యం. 2004లో తటస్థంగా కనిపించవలసినది పద్నాలుగేళ్ల విద్యార్థిని. చట్టం వచ్చాక కొందరు ముస్లిం తల్లిదండ్రులు తమ కూతుళ్లను కాథలిక్ ప్రైవేటు బడులలో చేర్చారు, ఆ చట్టం అక్కడికి వర్తించదు గనుక. మిషన్ స్కూళ్లలో చదువుకున్న మన జిల్లావారికి ఇందులో వింత తోచదు.

మిగతా దేశాల సంగతి కొద్దిలో చెప్పవచ్చు. ఇంగ్లండులో రాజే చర్చికి అధిపతి. ప్రభువుల సభలో 26 మంది బిషప్పులకు స్థానం వుంది. ఐనా 2021 జనాభా లెక్కలలో ఇంగ్లండు, వేల్సులలో క్రైస్తవులమన్నవారు సగం కంటే తక్కువ, 46.2 శాతమే. జర్మనీలో చర్చి పన్నును ప్రభుత్వమే వసూలు చేసి పెడుతుంది. అమెరికాలో 1791 సవరణ ప్రకారం రాజ్యానికి మతం వుండరాదు, ప్రజలలో మాత్రం మతం బలంగా వుంది. వీటిని ఏ ఒక్క పేరుతో పిలుస్తాము?

ఇప్పుడు తీవ్రవాదం మాట. 2015 జనవరిలో పారిస్‌లో ఒక పత్రికా కార్యాలయం మీద దాడిలో 12 మంది, అదే ఏడాది నవంబరు 13న 130 మంది హతులయ్యారు. ఇటువంటి దాడులు చేసినవారిలో పెక్కుమంది వలస కుటుంబాల రెండవ తరం యువకులనీ, మత విద్యలో పెరిగినవారు కారనీ, చిల్లర నేరాల నుంచి హఠాత్తుగా ఇటు మళ్లినవారనీ ఫ్రెంచి పరిశోధకుడు ఒలివియే రువా చూపాడు. దీనిని కాదనే పండితులూ వున్నారు. మనకు మాత్రం ఈ రోగం కొత్తది కాదు. హజ్రత్ అలీ (రజి) ని క్రీ.శ. 661లో కూఫా మసీదులో చంపినవాడు ఖారిజీ. తానొక్కడే దీన్ ఎరిగినవాడనని అతని నమ్మకం.

రెండవ వైపు కూడా చూడాలి. నార్వేలో 2011లో 77 మందిని, న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 2019లో 51 మందిని చంపినవారు ముస్లింల వలసను దండయాత్ర అన్నారు. స్విట్జర్లాండులో నాలుగంటే నాలుగు మినారులుండగా, 2009లో 57.5 శాతం ఓట్లతో కొత్త మినారులు నిషేధించారు. ఫ్రాన్సులో లె పెన్‌ల పార్టీ అధ్యక్ష ఎన్నికల రెండవ దశలో 2002లో 17.8 శాతం, 2017లో 33.9, 2022లో 41.5 శాతం ఓట్లు పొందింది. ఒకప్పుడు ఛాందస కాథలిక్కులకు ఆశ్రయమైన ఆ పార్టీ ఇప్పుడు 1905 చట్టానికి కాపలాదారుగా నిలబడటం విచిత్రం.

తీవ్రవాద ప్రచారకుడు ముస్లిం యువకునితో అంటాడు: ఆ రాజ్యం లాదీనీ రాజ్యం, అక్కడ ముస్లింగా బ్రతకలేవు. కఠిన సెక్యులరిస్టు అంటాడు: మతం కళ్లకు కనబడరాదు. శ్వేతజాతి ఉన్మాది అంటాడు: నీవు ఇక్కడివాడవు కావు. ముగ్గురూ ఒకే అనువాదం మీద ఆధారపడ్డారు.

దాని వెల తెలుగువారూ చెల్లించారు. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, ఓలేత నగరంలో ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ఒకడు తన దేశం విడిచి పొమ్మని అరచి కాల్చాడు. ఒకరు మరణించారు. అడ్డుపడబోయిన స్థానికుడు గాయపడ్డాడు. తాను ఇరానీయులను కాల్చానని హంతకుడు తరువాత ఒకరితో చెప్పాడు. 2018లో అతనికి యావజ్జీవ శిక్షలు పడ్డాయి. చనిపోయినవాడు హిందువు.

మన ఉలమాల ఆక్షేపణలో బలం లేదనడం లేదు. దైవ మార్గదర్శకత్వం అక్కరలేదనే జీవిత సిద్ధాంతంగా సెక్యులరిజాన్ని ఇస్లాం ఒప్పుకోదు. భిన్న మతస్థులు కలిసి ఒప్పందంతో బ్రతకడం వేరు. మౌలానా హుసైన్ అహ్మద్ మదనీ 1938 నాటి తమ ‘ముత్తహిదా ఖౌమియ్యత్ ఔర్ ఇస్లామ్’లో మదీనా ఒప్పందాన్ని ఆధారం చేసుకున్నది ఇందుకే.

ఉర్దూ నుంచి తెలుగుకు తెచ్చేటప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఇది: నాస్తిక సిద్ధాంతం అనే అర్థం వున్నచోట మాత్రమే ‘లాదీనియత్’ను ‘ధర్మనిరాకరణ’ అంటాను. రాజ్యపు ఏర్పాటు అయినచోట ‘సెక్యులర్’ అనే మాటను అట్లే వుంచి, ఏ దేశపుదో పక్కనే వ్రాస్తాను. 1924 తరువాత కొద్ది కాలంలో వెలువడిన పుస్తకమైతే, రచయిత మనసులో వున్నది తుర్కీ అయివుండవచ్చునని ఆ పుట అడుగున ఒక వాక్యం చేరుస్తాను.