ఇంటి ఈమెయిల్‌కు క్యాలెండర్‌ తోడు.. ఎంపిక ఎలా?

* ఉత్తరాలు, గడువు తేదీలు, పనుల జాబితా ఒకేచోట
* హంగుల కన్నా సమాచార భద్రతే ముఖ్యం

బీమా ప్రీమియం నోటీసు, విద్యుత్తు బిల్లు, పిల్లల పరీక్షల కాలపట్టిక, రైలు టికెట్టు, వైద్యుడు రమ్మన్న సమయం.. ఒకప్పుడు తపాలా ద్వారా ఇంటికి చేరిన సమాచారంలో అధిక భాగం ఇప్పుడు ఈమెయిల్‌లోకే వస్తోంది. ఉత్తరాన్ని చదివి వదిలేస్తే అందులోని తేదీ గుర్తుండదు. గోడ క్యాలెండర్‌పై రాసుకుంటే తేదీ ఒకచోట, వివరాలు మరోచోట ఉండిపోతాయి. ఈ ఇబ్బందిని తొలగించేందుకే ఈమెయిల్, క్యాలెండర్, చేయవలసిన పనుల జాబితా మూడూ కలిసిన సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వీటిలో ఇంటి అవసరాలకు ఏది సరిపోతుందో, ఎంపికలో ఏయే అంశాలు పరిశీలించాలో తెలుసుకుందాం.

మరచిన తేదీతో నష్టం

ఏడాదికి, ఆరు నెలలకు, మూడు నెలలకు ఒకసారి ప్రీమియం చెల్లించే జీవిత బీమా పాలసీలకు గడువు తేదీ దాటాక సాధారణంగా 30 రోజుల అదనపు సమయం ఇస్తారు. నెలవారీ చెల్లింపులకు అది 15 రోజులే. ఆ సమయమూ దాటితే పాలసీ రద్దయ్యే స్థితికి చేరుతుంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం సమర్పించాలి. 80 ఏళ్లు దాటినవారికి అక్టోబరు నుంచే ఆ వెసులుబాటు ఉంది. పత్రం అందకపోతే పింఛను నిలిచిపోతుంది. ఇటువంటి తేదీలను ఒక్కసారి క్యాలెండర్‌లో నమోదు చేసి, ఏటా పునరావృతమయ్యేలా అమర్చుకుంటే వారం ముందుగానే అది హెచ్చరిస్తుంది. నోటీసు వచ్చిన ఈమెయిల్‌ నుంచే తేదీని నమోదు చేసుకోగలగడం ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌తో కలిగే ప్రధాన ప్రయోజనం.

మారుతూ వచ్చిన సాఫ్ట్‌వేర్లు

ఉత్తరాలు, క్యాలెండర్, చిరునామాలు, పనుల జాబితాలను ఒకేచోట చేర్చిన మైక్రోసాఫ్ట్‌ అవుట్‌లుక్‌ 1997లో విడుదలైంది. విండోస్‌ ఎక్స్‌పీ కంప్యూటర్లలో ఉచితంగా లభించిన అవుట్‌లుక్‌ ఎక్స్‌ప్రెస్‌ పేరులో దానిని పోలి ఉన్నా, అందులో క్యాలెండర్‌ లేదు. మొజిల్లా సంస్థ ఉచిత సాఫ్ట్‌వేర్‌ థండర్‌బర్డ్‌ తొలి పూర్తి వెర్షన్‌ 2004 డిసెంబరులో వచ్చింది. దానికి విడిగా జోడించుకోవలసిన లైట్నింగ్‌ క్యాలెండర్‌ 2015 నుంచి సాఫ్ట్‌వేర్‌తో పాటే లభిస్తోంది. జీమెయిల్‌ 2004లో, గూగుల్‌ క్యాలెండర్‌ 2006లో ప్రారంభమయ్యాయి.

ఈ చరిత్ర నుంచి గ్రహించవలసింది ఒకటుంది. ఎందరో వాడిన విండోస్‌ లైవ్‌ మెయిల్‌కు 2017 జనవరిలో మద్దతు ముగిసింది. విండోస్‌ 10తో వచ్చిన మెయిల్, క్యాలెండర్‌ అప్లికేషన్లకు 2024 డిసెంబరు 31తో కాలం చెల్లింది. ఎంత పేరున్న సాఫ్ట్‌వేర్‌ అయినా ఏదో ఒకనాడు ఆగిపోవచ్చు. అందువల్ల మన సమాచారాన్ని సులువుగా బయటకు తీసుకునే వీలు ఉందో లేదో మొదటే చూసుకోవాలి. క్యాలెండర్‌ వివరాలను ఐసీఎస్‌ ఫైలుగా భద్రపరచుకోగలిగితే వాటిని దాదాపు ఏ క్యాలెండర్‌లోనైనా తెరవవచ్చు. ఐక్యాలెండర్‌ అనే ఈ ప్రమాణం 1998 నుంచి అమలులో ఉంది.

పాప్‌.. ఐమ్యాప్‌.. తేడా ఇదీ

సాఫ్ట్‌వేర్‌లో ఖాతాను చేర్చేటప్పుడు పాప్, ఐమ్యాప్‌ అనే రెండు పద్ధతులు కనిపిస్తాయి. పాప్‌ పద్ధతిలో ఉత్తరాలు సర్వర్‌ నుంచి ఇంటి కంప్యూటర్‌లోకి దిగుతాయి. సర్వర్‌లో ప్రతిని ఉంచమని ఎంచుకోకపోతే అక్కడ అవి చెరిగిపోవచ్చు. ఆ తర్వాత హార్డ్‌డిస్క్‌ చెడిపోతే ఏళ్ల తరబడి దాచుకున్న ఉత్తరాలు ఒక్కసారిగా పోయినట్లే. ఐమ్యాప్‌ పద్ధతిలో ఉత్తరాలు సర్వర్‌లోనే ఉండి, కంప్యూటర్‌లోనూ సెల్‌ఫోన్‌లోనూ ఒకేలా కనిపిస్తాయి. ఇంట్లో ఒకరికి మించి పరికరాలు వాడేవారికి ఐమ్యాప్‌ మేలు. అయితే ఒకచోట చెరిపిన ఉత్తరం అన్నిచోట్లా చెరిగిపోతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఎవరికి ఏది?

బ్రౌజర్‌లో ఈమెయిల్‌ చూసుకునేవారికి, ఎక్కువగా సెల్‌ఫోన్‌పై ఆధారపడేవారికి జీమెయిల్, గూగుల్‌ క్యాలెండర్‌ జంట చాలు. అమర్చుకునే శ్రమ దాదాపు ఉండదు. ఉచిత ఖాతాలో ఉత్తరాలు, ఫొటోలు, ఫైళ్లు అన్నింటికీ కలిపి 15 జీబీ స్థలమే లభిస్తుంది. రెండేళ్లపాటు అసలు వాడని ఖాతాను తొలగించే అధికారం గూగుల్‌ తన వద్ద ఉంచుకుంది. పెద్దల పేరిట తెరిచి వదిలేసిన ఖాతాల విషయంలో ఈ నిబంధనను గమనించాలి.

ఉత్తరాల ప్రతి ఇంటి కంప్యూటర్‌లోనూ ఉండాలని, రెండు మూడు ఖాతాలు ఒకే తెరపై కనిపించాలని కోరుకునేవారికి థండర్‌బర్డ్‌ అనుకూలం. ఇది విండోస్, మ్యాక్, లినక్స్‌లలో ఉచితంగా పనిచేస్తుంది. గూగుల్‌ క్యాలెండర్‌ను ఇందులో చూడవచ్చు, మార్పులూ చేయవచ్చు. గూగుల్‌ టాస్క్స్‌లో రాసుకున్న పనులు మాత్రం నేరుగా ఇందులోకి రావు. లినక్స్‌ వాడేవారికి ఎవల్యూషన్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ కూడా ఉంది.

కార్యాలయంలో అవుట్‌లుక్‌ అలవాటైనవారు ఇంట్లోనూ దానినే కోరుకోవచ్చు. పాత తరహా అవుట్‌లుక్‌ను డబ్బు చెల్లించి వాడుకోవాలి. విండోస్‌తో ఉచితంగా వచ్చే కొత్త అవుట్‌లుక్‌లో ప్రకటనలు కనిపిస్తాయి. ఇతర సంస్థల ఖాతాలను అందులో చేర్చితే ఆ ఉత్తరాల ప్రతులు మైక్రోసాఫ్ట్‌ సర్వర్లకూ చేరుతాయి. అంగీకరించే ముందు ఆ సందేశాన్ని చదవడం మంచిది.

తిథికి పరిష్కారమేది?

ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఆంగ్ల తేదీలపైనే నడుస్తాయి. పుట్టినరోజు, పెళ్లిరోజు ఏటా అదే తేదీకి వస్తాయి కనుక చిక్కు లేదు. తిథిని అనుసరించే పండుగలు, పెద్దల ఆబ్దికాలు అలా కాదు. ఉగాది 2024లో ఏప్రిల్‌ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. ఆబ్దికాన్ని ఏటా పునరావృతమయ్యేలా నమోదు చేస్తే మరుసటి ఏడాదే తప్పు రోజున హెచ్చరిక వస్తుంది. కొత్త పంచాంగం చేతికి రాగానే ఆ ఏడాది తేదీలను ఒకసారి కూర్చుని నమోదు చేసుకోవడమే ఉత్తమ మార్గం. ‘పంచాంగం చూసి తేదీలు ఎక్కించాలి’ అన్న పనిని మాత్రం ఏటా మార్చి మొదటి వారానికి అమర్చుకోవచ్చు.

విదేశాల్లో పిల్లలుంటే..

అమెరికాలో ఉన్న పిల్లలతో వారానికోసారి వీడియోలో మాట్లాడే కుటుంబాలకు క్యాలెండర్‌లోని కాలమండలం అమరిక ఉపయోగపడుతుంది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు మారుస్తారు. మన రాత్రి 8 గంటలు వేసవిలో న్యూజెర్సీలో ఉదయం 10.30, చలికాలంలో 9.30 అవుతుంది. డల్లాస్‌లో ఇంకో గంట వెనుక ఉంటుంది. సమావేశాన్ని భారత కాలమానంలో నమోదు చేసి పిల్లలకు ఆహ్వానం పంపితే, వారి తెరపై స్థానిక సమయం దానంతట అదే సరిపడుతుంది.

ఇవి పాటించాలి

* ఒకేసారి పూర్తిగా మారకుండా, ఒక నెలపాటు కొత్త సాఫ్ట్‌వేర్‌ను పాతదానితో కలిపి వాడి చూడాలి.
* జీమెయిల్‌ను ఇతర సాఫ్ట్‌వేర్‌లో చేర్చేటప్పుడు గూగుల్‌ సొంత లాగిన్‌ పేజీ తెరుచుకోవాలి. వ్యక్తిగత ఖాతాలకు కేవలం సాధారణ పాస్‌వర్డ్‌తో అనుమతించే పాత పద్ధతిని ఆ సంస్థ 2022 మే 30న నిలిపివేసింది.
* సాఫ్ట్‌వేర్‌ను దాని అధికారిక సైటు నుంచే డౌన్‌లోడ్‌ చేసుకోవాలి.
* తెలియని వ్యక్తుల నుంచి వచ్చే క్యాలెండర్‌ ఆహ్వానాలు వాటంతటవే చేరకుండా అమరిక మార్చుకోవాలి. వాటిలోని లింకులను నొక్కరాదు.
* నెలకోసారి ఉత్తరాలను, క్యాలెండర్‌ను వేరే డిస్కులోకి బ్యాకప్‌ తీసుకోవాలి.
* బిల్లులు, బీమా, ఆసుపత్రి తేదీలకు ఒక ఉమ్మడి క్యాలెండర్‌ తెరిచి ఇంట్లో మరొకరికీ చూసే వీలు కల్పించాలి. ఇంటి వ్యవహారాలు చూసేవారు అస్వస్థతకు గురైనా చెల్లింపులు ఆగవు.