చివికిన మ్రానిలో మిత్రులును శత్రువును

తోట మూలను పడి, వానకు నాని చివికిన మ్రానును కదలించినప్పుడు దాని క్రింద పురుగులు లుకలుకలాడుట రైతుసోదరు లందరును చూచినదే. చూచినంతనే కొందరు దానికి నిప్పు పెట్టుదురు. మరికొందరు చూచియు చూడనట్లు విడిచిపెట్టుదురు. ఈ రెండును తగిన పద్ధతులు కావు. అందు మేలు చేయున దేదియో, కీడు చేయున దేదియో ముందుగా తెలిసికొనవలయును.

ఇట్టి కొయ్యలో ఈకరెక్కల పెంకుపురుగు లనెడి వొక కుటుంబమువి నివసించును. వీనిలో పెక్కింటి పొడవు ఒక మిల్లీమీటరునకు లోపలనే. అనగా గసగసాల గింజకు మించవు. వీని రెక్కలు వెడల్పు పొరలుగాక, అంచుల వెండ్రుకలు గల సన్నని యీకలవలె నుండును. ఇవి కొయ్యను కొరుకవు. కొయ్యను చివుకజేయు బూజును తిని బ్రదుకును. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున దొరికిన యొక జాతిని 2015లో కొలిచి చూడగా, వానిలో మిక్కిలి చిన్నదాని పొడవు 0.325 మిల్లీమీటరు మాత్రమే యుండెను.

ఈ చిన్న జీవులు పైరునకు హాని చేయవు. బూజును, ఇట్టి పురుగులును తమతమ పనులు చేయగా మ్రాను క్రమముగా నల్లని మెత్తని మన్నై భూమికి సారము నిచ్చును. కావున గట్లమీది చివుకుకొయ్యను ఊరక తగులబెట్టుట మనసొమ్ము మనమే కాల్చుకొనుట.

అయితే కొబ్బరి మ్రాను సంగతి వేరు. కోనసీమ వంటి చోట్ల గాలివానకు కూలిన కొబ్బరి మ్రానులను తోటలోనే చివుకనిచ్చినచో, కొమ్ముపురుగు వానిలో గ్రుడ్లు పెట్టును. పెంటకుప్పలును దానికి పుట్టినిండ్లే. అచ్చట లావుగా, తెల్లగా, వంకరగా ముడుచుకొని కనబడు పిల్లపురుగులు తరచుగా దీని సంతానమే. రెక్కలు వచ్చిన పిమ్మట అది రాత్రివేళ నెగిరివచ్చి కొబ్బరి మొవ్వును తొలుచును. ఆ యాకు విచ్చుకొన్నప్పుడు కత్తెరతో కత్తిరించినట్లుండును. లేతమొక్క యైనచో ఒక్కొక్కప్పుడు చచ్చిపోవును.

కావున కూలిన కొబ్బరి మ్రానును వెంటనే చీల్చి, ఎండబెట్టి, వంటచెరకుగా వాడుకొనవలయును. మొద్దును త్రవ్వి తీయవలయును. పెంట తిరుగవేయునప్పుడు పిల్లపురుగులను ఏరి చంపవలయును.

ఒకరు తోటను బాగుచేసికొని, పొరుగువారు మ్రానును విడిచినచో శ్రమ వ్యర్థము. ఎగురు పురుగునకు గట్టు అడ్డముగాదు గదా! గ్రామములోని కొబ్బరి రైతులందరు ఒక్కమారుగా పూనుకొన్ననే ఫలము కలుగును. సహకార మన నిదియే.