ఊరి పేరుతో వల: అంతర్జాల మసాజ్, ఎస్కార్ట్ ప్రకటనల్లో మోసం – ఒక పరిశీలన

ప్రవేశిక:
అంతర్జాలంలో మసాజ్, ఎస్కార్ట్ సేవల పేరిట వెలువడే ప్రకటనలు ఇప్పుడు మహానగరాలకే పరిమితం కావు. ఒకే పాఠంలో ఊరి పేరు మాత్రం మార్చి వందలాది పుటలు తయారు చేయడం వీటి ప్రచురణలో సాధారణ పద్ధతి. బోధన్ అని ఉన్నచోట బాన్సువాడ అని చేర్చడానికి ఆ ఊళ్లో ఎవరూ ఉండనవసరం లేదు. కామారెడ్డి జిల్లాలోని ఈ చిన్న పట్టణాన్ని దృష్టిలో ఉంచుకొని అటువంటి మోసం పనిచేసే తీరును వివరించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

సొమ్ము అడిగే క్రమం:
ప్రకటన నిజమో కాదో తేల్చుకోదలచినవారు సాధారణంగా ఛాయాచిత్రాన్ని, ఫోను నంబరును, వినియోగదారుల ప్రశంసలను చూస్తారు. ఇవన్నీ అరువు సొత్తే కావచ్చు. ఛాయాచిత్రంలోని స్త్రీకి తన బొమ్మ అక్కడ ఉన్న సంగతే తెలియకపోవచ్చు. ఆ విధంగా ఆమె కూడా బాధితురాలే. మోసాన్ని పట్టి ఇచ్చేది సొమ్ము అడిగే క్రమం. ముందుగా బుకింగ్ పేరిట స్వల్ప మొత్తం, తరువాత ‘తిరిగి ఇచ్చే’ డిపాజిట్, ఆపైన భద్రతా రుసుము. ప్రతి కొత్త చెల్లింపునూ పాత సొమ్ము రాబట్టుకునే షరతుగా చూపుతారు. చివరకు వాపసు ఇస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపి పిన్ నమోదు చేయమంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరమే లేదు. చెల్లింపుకు ముందు తెరపై కనిపించే ఖాతాదారు పేరు ప్రకటనలోని పేరుతో కలవకపోతే అక్కడే ఆగిపోవాలి. వీడియో కాల్‌ను రికార్డు చేసి, ఆనక పోలీసు అధికారినంటూ బెదిరించడం ఇదే దందాలో మరో శాఖ.

చట్టం, పరువు:
1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం వ్యభిచార గృహ నిర్వహణను, ఇతరుల సంపాదనపై బతకడాన్ని, బహిరంగంగా విటులను ఆహ్వానించడాన్ని నేరాలుగా పరిగణిస్తుంది. వయోజనులు స్వచ్ఛందంగా చేసే లైంగిక వృత్తి దానంతటదే నేరం కాదు. సుప్రీంకోర్టు 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ వ్యాజ్యంలో ఆ వృత్తిలోని వారి గౌరవానికి రక్షణగా ఆదేశాలిచ్చింది. ఈ సూక్ష్మ భేదాలు సామాన్యులకు తెలియవు. మోసగాడి అసలు పెట్టుబడి ఆ భయమే. పరిచయాలు, బంధుత్వాలు దట్టంగా అల్లుకున్న బాన్సువాడ వంటి చోట పోయిన అయిదు వేలకన్నా బయటపడే పేరే బరువు.

ప్రకటన నిజమైనదే అయినా ప్రశ్న మిగిలే ఉంటుంది. అవతలి వ్యక్తి బలవంతాన అక్కడ ఉన్నదో లేదో ఏ ఛాయాచిత్రమూ చెప్పదు. అక్రమ రవాణాకు గురైన వ్యక్తి అని తెలిసీ లైంగిక దోపిడీకి వినియోగించుకోవడం భారతీయ న్యాయ సంహిత 144వ సెక్షను కింద శిక్షార్హం.

2024 జులై 1 నుంచి అమలులో ఉన్న ఆ సంహితలోనే బెదిరించి వసూలు చేయడం 308వ సెక్షను కిందికి, వంచన 318వ సెక్షను కిందికి వస్తాయి. కంప్యూటరు సాధనంగా మారువేషంతో వంచించినవారికి సమాచార సాంకేతిక చట్టం 66డి ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. సొమ్ము పోయిన వెంటనే లావాదేవీ సంఖ్య, సమయం, బ్యాంకు పేరు సిద్ధంగా ఉంచుకొని 1930కి ఫోను చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారేలోగా దానిని నిలుపుచేయడానికి అవకాశం ఉంటుంది. ఈ మొదటి ఫిర్యాదుకు స్థానిక ఠాణా మెట్లు ఎక్కనవసరం లేదు.