మంచం పక్కన పాఠం
పి.జి. డాక్టర్లు బోధన ఎందుకు నేర్చుకోవాలి?

పెద్దాసుపత్రిలో రౌండ్స్ సమయానికి మీ మంచం చుట్టూ ఆరేడుగురు డాక్టర్లు నిలబడటం చూసే ఉంటారు. "ఇంతమంది ఎందుకండీ?" అని కొందరు విసుక్కుంటారు కూడా. వారిలో ప్రొఫెసరుగారు ఒక్కరే గురువు అనుకుంటాం. కానీ రాత్రింబవళ్లు వార్డులో ఉంటూ హౌస్‌సర్జన్లకు పని నేర్పేది ఎక్కువగా పి.జి. డాక్టర్లే. అంటే, ఎం.బి.బి.ఎస్. ముగించి ఎం.డి., ఎం.ఎస్. చదువుతున్నవారు. 'డాక్టర్' అనే మాట కూడా 'బోధించుట' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే పుట్టింది. మరి ఎలా బోధించాలో వీరికి నేర్పేదెవరు?

మన జిల్లాలో

ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాలకు తోడు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. పి.జి. విద్యార్థులు చిన్న తరగతుల వారి బోధనలో పాల్గొనాలని, చదువు మధ్యలో 3 నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు చెబుతున్నాయి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాదిమంది మూర్ఛతో ఆసుపత్రికి చేరిన రోజులు మనకు గుర్తే. అలాంటప్పుడు ప్రతి మంచం దగ్గరా ప్రొఫెసరు నిలబడలేరు. అంతకుముందు చిన్న డాక్టర్లు నేర్చుకున్నదే అప్పుడు అక్కరకు వస్తుంది.

ఒక గాజు గొట్టం కథ

కొల్లేరు చుట్టుపక్కల చేలల్లో, చెరువు గట్లమీద పనిచేసేవారికి పాము భయం కొత్త కాదు. రక్తపింజర కరిస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. అందుకే శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పు రావచ్చు. అప్పుడు అవసరం లేని విషం విరుగుడు మందు ఎక్కించే ప్రమాదం ఉంది. "గొట్టం ఏది వాడావు?" అని పక్కనుండి అడిగే సీనియర్ ఉంటే ఆ పొరపాటు అక్కడే ఆగుతుంది.

అయిదు మెట్లు

రద్దీ వార్డులో గంటసేపు పాఠం చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే 1992లో అమెరికా వైద్యులు కొన్ని నిమిషాల్లో ముగిసే ఒక పద్ధతిని ప్రకటించారు:

1. "ఈ రోగికి ఏమైందని నీ అభిప్రాయం?" అని ముందు అడగాలి.
2. "అలా ఎందుకు అనుకుంటున్నావు?" అని కారణం రాబట్టాలి.
3. గుర్తుంచుకోదగిన ఒక్క నియమం చెప్పాలి.
4. సరిగా చేసినదాన్ని మెచ్చుకోవాలి.
5. తప్పును సరిదిద్దాలి.

ఇందులో పదిమందిలో తిట్టడం లేదు, గమనించండి. తిట్లు తిన్న హౌస్‌సర్జన్ మరుసటి రాత్రి అనుమానం వచ్చినా అడగడు. అడగని ఆ ప్రశ్నకు మూల్యం చెల్లించేది మంచంమీద ఉన్న మనిషే.

మీరేం చేయవచ్చు?

చదువుకునే డాక్టర్లు పరీక్ష చేస్తామంటే సమ్మతించడం, వద్దనడం మీ హక్కు. వద్దన్నంత మాత్రాన మీ వైద్యం ఆగకూడదు. సమ్మతిస్తే, మీ బాధ ఎప్పుడు ఎలా మొదలైందో మీ మాటల్లోనే చెప్పండి. డాక్టరు మందులు వివరించాక, మీరు అర్థం చేసుకున్నది తిరిగి చెప్పి "ఇంతేనా అండీ?" అని అడగండి. తాడేపల్లిగూడెం బస్సెక్కి ఇంటికి చేరాక ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీకు స్పష్టంగా తెలిస్తే, ఆ డాక్టరు బాగా బోధించినట్టే.