ఇంట్లో గర్భిణి ఉందా? తొట్టి మూత చూడండి!

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నీళ్లంటే బంగారమే. కుళాయి వచ్చిన రోజే తొట్టి, డ్రమ్ము, బిందె అన్నీ నింపుకుంటాం. పట్నాల్లో మలేరియా తెచ్చే దోమకు కావలసిందీ ఆ మంచినీళ్లే! గుడ్డు దోమ కావటానికి పది రోజులు చాలు. అందుకే తొట్టికి గట్టి మూత వేసి, వారానికోసారి తోమి ఆరబెట్టాలి. నీళ్లు పారబోయ మనసొప్పదా? గుడ్డతో వడగట్టి వాడకానికి ఉంచుకోండి.

కాన్పుకొచ్చిన అమ్మాయి ఉంటే మరీ జాగ్రత్త. మలేరియా క్రిమి మాయలో దాక్కుంటుంది. తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డ నెలలు నిండకుండానో బరువు తక్కువగానో పుట్టవచ్చు. ఒక్కోసారి జ్వరం కూడా కనబడదు. కాబట్టి పగలు కునుకు తీసినా దోమతెర కట్టండి. చలిజ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ఇంట్లో మిగిలిన మాత్రలు మాత్రం వెయ్యొద్దు. ప్రైమాక్విన్ గర్భిణికి పనికిరాదు. ఎన్నో నెలో డాక్టరుకు ముందే చెప్పండి.